కార్డు చెడిందని తేల్చే ముందు

మా ల్యాబులో నా బల్ల సొరుగులో, కంప్యూటర్‌కు తీగతో నెట్టు అందించే ల్యాన్ కార్డులు పదకొండు ఉండేవి. అన్నీ ‘పోయాయి’ అని ఎప్పుడో ఒకప్పుడు పీకి పడేసినవే. ఒక వేసవి సెలవుల్లో తీరిక దొరికి, ఒక్కొక్కదాన్నీ పాత డెస్క్‌టాప్‌లో గుచ్చి చూశాను. ఏడు కార్డులు నిక్షేపంలా పనిచేశాయి. ఏడుసార్లు ఏ పాపమూ ఎరగని కార్డుకు శిక్ష వేసి, డబ్బు పోసి కొత్తది కొన్నామన్నమాట. కార్డు మార్చే హడావుడిలో కేబులు తీసి మళ్లీ గట్టిగా గుచ్చి ఉంటాం, లేదా కార్డును నడిపే సాఫ్టువేరు, అదే డ్రైవరు, కొత్తది ఎక్కించి ఉంటాం. పని జరిగింది దానివల్ల, పేరు వచ్చింది కొత్త కార్డుకు.

బందరులో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు బాధ్యత పంతొమ్మిదేళ్లుగా నాది. నలభై డెస్క్‌టాప్‌లు, వాటన్నిటికీ తీగలతో నెట్టు పంచే స్విచ్ అనే పెట్టెలు రెండు, ఒక రౌటరు, గోడ వెంట ప్లాస్టిక్ పట్టీల్లో పరుచుకున్న కేబుళ్లు. సముద్రం పక్క ఊరు కాబట్టి ఇనుముకు తుప్పు, రాగికి చిలుము తొందరగా పడతాయి. నేను చెప్పేదంతా ఆ గదిలో నేర్చుకున్నదే. విండోస్ 10 లేదా 11 నడిచే మామూలు డెస్క్‌టాప్, దానికి తీగతో వచ్చే నెట్టు, ఈ రెండింటి మధ్య తగవు గురించే మాట్లాడుతున్నాను. ల్యాన్ కార్డు అన్నప్పుడు స్లాటులో విడిగా గుచ్చేదాన్నే కాక, మదర్‌బోర్డులో కలిసే వచ్చే, కేబులు గుచ్చే పోర్టును కూడా లెక్కలోకి తీసుకోండి. ఇప్పుడు ఎక్కువ డెస్క్‌టాప్‌లలో ఉన్నది అదే.

నెట్టు రావడం లేదని ఎవరైనా పిలిస్తే నేను కుర్చీలోంచి లేవకముందే ఒక ప్రశ్న వేస్తాను: పక్క సిస్టంలో వస్తోందా? ఇంట్లో అయితే అదే రౌటరు వైఫై మీద ఫోనులో వస్తోందా? అక్కడా రాకపోతే మీ డెస్క్‌టాప్ జోలికి పోనవసరం లేదు, నెట్టు ఇచ్చేవారికి ఫోను చేసి కాఫీ తాగండి. అక్కడ వచ్చి ఇక్కడ రాకపోతేనే మన పని మొదలు.

మొదటి పని డెస్క్‌టాప్ వెనక్కి వెళ్లి లైటు చూడటం. మనమంతా సీపీయూ అని పిలుచుకునే పెట్టె వెనకాల, కేబులు గుచ్చే చదరపు రంధ్రం అంచుల్లో రెండు చిన్న దీపాలు ఉంటాయి. ఒకటి అవతలి వైపుతో సంబంధం కుదిరిందని చెబుతుంది, సమాచారం కదిలినప్పుడల్లా మిణుకుమంటుంది. రెండోది చాలావాటిలో వేగం చెబుతుంది. రంగులు బోర్డును బట్టి మారతాయి. మా ల్యాబులో కొన్నింటికి గిగాబిట్, అంటే వెయ్యి మెగాబిట్ల వేగం వస్తే ఆకుపచ్చ, వంద మెగాబిట్లకు నారింజ, పదికి ఏమీ వెలగదు. మీ బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఆ పట్టిక ఉంటుంది. ఆ పుస్తకాన్ని చిత్తుకాగితాల్లో వేయకండి, ఇంకోసారి కూడా దానితో పని పడుతుంది.

ఆ లైటును బట్టి దారి రెండుగా చీలుతుంది. లైటు అసలు వెలగకపోతే తీగలోనో, స్విచ్చులోనో, పోర్టులోనో, డ్రైవరులోనో ఉంది తేడా. లైటు వెలుగుతూ నెట్టు రాకపోతే చాలావరకు నెట్‌వర్కులో కంప్యూటర్‌ను గుర్తుపట్టే అంకెల చిరునామాల గొడవ. ఈ తేడా చూడకుండా సెట్టింగులు తిప్పేవాళ్లను చూస్తే నాకు చిరాకు. కేబులు ఊడి కింద వేలాడుతుంటే స్క్రీను మీద అరగంట మౌసు నొక్కిన లెక్చరర్లు ఉన్నారు.

ఒక్క హెచ్చరిక. కంప్యూటర్ ఆపేసినా కొన్నింటిలో ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది. పవరు తీగ గోడకు తగిలించి ఉన్నంతసేపూ కార్డుకు కొద్దిపాటి కరెంటు అందుతుంది. దూరం నుంచి కంప్యూటర్‌ను మేల్కొలిపే ఏర్పాటు కోసం అది. కాబట్టి లైటును సిస్టం ఆన్ చేసి, విండోస్ పూర్తిగా వచ్చాకే నమ్మండి.

లైటు లేదనుకుందాం. అప్పుడు చాలామంది షాపుకు వెళ్లి కొత్త కేబులు తెస్తారు. కొత్త కేబులంటే మంచి కేబులని అర్థం కాదు. నేనైతే పక్క సిస్టంలో ఈ నిమిషాన నెట్టు తెస్తున్న కేబులును తీసి ఇక్కడ గుచ్చుతాను. దాని రెండో కొస స్విచ్‌లో ఎక్కడుందో అక్కడే ఉండనిస్తాను. లైటు వచ్చిందా, పోర్టు బాగున్నట్టే, తప్పు పాత కేబులుదో, అది తగిలిన స్విచ్ రంధ్రానిదో. అప్పుడు పాత కేబులును స్విచ్‌లో వేరే రంధ్రంలోకి మార్చి చూస్తే ఆ రెండింటిలో ఏదో తేలిపోతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబులూ, రంధ్రమూ, డ్రైవరూ ఒకేసారి మార్చి నెట్టు తెప్పించినవాడికి ఆ రోజు గడుస్తుంది కానీ, వారం తిరిగేసరికి అదే రోగం మళ్లీ వస్తే ఏది మార్చడం వల్ల కుదిరిందో చెప్పలేడు.

కేబుళ్లు పాడయ్యే తీరు గురించి నేను ఎంతసేపైనా చెప్పగలను. అన్నిటికంటే ఎక్కువగా చూసింది కేబులు కొసన ఉండే జాక్ మీది ప్లాస్టిక్ క్లిప్పు విరగడం. ‘టిక్’ మని శబ్దం వస్తేనే జాక్ లోపల పట్టు దొరికినట్టు. క్లిప్పు విరిగిన జాక్ చూడటానికి గుచ్చినట్టే ఉంటుంది, ఎవరో బల్ల కదిపితే అర మిల్లీమీటరు వెనక్కి జరుగుతుంది, నెట్టు పోతుంది. మళ్లీ ఎవరో కాలు తగిలిస్తే వస్తుంది. దాన్నే ‘కార్డు లూజు’ అంటారు. తరువాత కుర్చీ చక్రాలు. ఆ తరువాత ఎలుకలు. మా ఊరికి ప్రత్యేకమైనది చిలుము. జాక్ లోపలి పల్చని లోహపు పళ్లు ఉప్పుగాలికి ఆకుపచ్చగా మారతాయి. జాక్‌ను వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి, ఎనిమిది పళ్లూ ఒకే మెరుపుతో కనిపించాలి. ఆకుపచ్చగానో నల్లగానో ఉంటే తుడుస్తూ కూర్చోకుండా కొస కత్తిరించి కొత్త జాక్ వేయించడమే మేలు.

కొత్త జాక్ వేసేటప్పుడు రంగుల వరస తప్పకూడదు. క్లిప్పు కిందికి, తీగ మీ వైపుకు పెట్టి, పళ్లు మీకు కనిపించేలా పట్టుకుంటే ఎడమ నుంచి: నారింజ చారల తెలుపు, నారింజ, ఆకుపచ్చ చారల తెలుపు, నీలం, నీలి చారల తెలుపు, ఆకుపచ్చ, గోధుమ చారల తెలుపు, గోధుమ. మూడో స్థానంలో మొదలైన ఆకుపచ్చ జంట ఆరో స్థానంలో ముగియడం చూడటానికి అడ్డదిడ్డంగా ఉంటుంది. ఆ అడ్డదిడ్డంలోనే కిటుకు ఉంది. కార్డు మూడు, ఆరు పళ్లను ఒక జంటగా వాడుతుంది, అందుకే ఆ రెండింటికీ ఒకదానికొకటి మెలివేసుకున్న తీగలే వెళ్లాలి.

ఇది తెలియక మేము ఒక ఏడాదంతా తిప్పలు పడ్డాం. కేబుళ్లు వేయడానికి వచ్చిన కుర్రాడు శ్రద్ధగలవాడే. నారింజ జంట, ఆకుపచ్చ జంట, నీలి జంట, గోధుమ జంట అని ముచ్చటగా వరసగా పేర్చి, రెండు కొసల్లోనూ అదే వరస వేశాడు. టెస్టరు పెట్టి చూపించాడు కూడా, ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలన్నీ వరసగా వెలిగాయి. స్విచ్‌కు దగ్గరి సిస్టంలలో ఏ ఇబ్బందీ రాలేదు. గది చివరి వరసలో మాత్రం నెట్టు నత్తలా నడిచేది, ఒక్కోసారి తెగిపోయేది. నాలుగు సిస్టంలకు కార్డులు మార్చాం. చౌక టెస్టరుకు తెలిసింది ఈ పన్ను ఆ పంటికి కలిసిందా లేదా అన్నంతవరకే. ఏ తీగ ఏ తీగతో మెలి తిరిగిందో అది చూడదు. జంట విడిపోతే ఒక సంకేతం గొడవ పక్క సంకేతంలోకి చొరబడుతుంది, కేబులు పొడవు పెరిగేకొద్దీ అది ముదురుతుంది. చివరికి ఒక కొసను వెలుతురులో పట్టుకుని రంగులు చదివితే బయటపడింది. ఆ ఆదివారం నేనూ మా అటెండరూ కూర్చుని కొసలన్నీ కత్తిరించి మళ్లీ వేశాం.

కేబులు కొనేటప్పుడు తీగను చాకుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. పైన ఎరుపు, లోపల వెండి రంగు కనిపిస్తే అల్యూమినియం మీద రాగి పూత. అది చౌక, రెండుసార్లు వంచితే విరుగుతుంది. పొడవు ఒక సిస్టం నుంచి స్విచ్ దాకా మొత్తం వంద మీటర్లు దాటకూడదు. రౌటరు వీధి చివర పెట్టుకుని ఇంటిదాకా తీగ లాక్కున్నవారు ఈ అంకె గుర్తుంచుకోండి.

వేగం తగ్గిన సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దానిలోనూ నింద కార్డుకే పడుతుంది. ‘గిగాబిట్ కార్డు, గిగాబిట్ స్విచ్, అయినా వంద మెగాబిట్లే చూపిస్తోంది, కార్డు సగం పోయింది’ అంటారు. వంద మెగాబిట్లకు ఒకటి, రెండు, మూడు, ఆరు స్థానాల్లోని నాలుగు తీగలు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. నీలం జంటలోనో గోధుమ జంటలోనో ఒక్క తీగ తెగితే గిగాబిట్ కుదరదు. చాలా కార్డులు అప్పుడు తమంతట తామే వందకు దిగి పని నడిపిస్తాయి. కొన్ని దిగకుండా మొండికేసి, లైటు వెలగడం ఆరడం వెలగడం ఆరడంగా ఉంటాయి. ఎందుకంటే ఏ వేగంతో మాట్లాడుకుందాం అనే ముందస్తు మాటలు ఒకటి, రెండు, మూడు, ఆరు స్థానాల్లోని ఆ నాలుగు తీగల మీదే జరుగుతాయి. ఆ మాటల్లో గిగాబిట్ అని ఇద్దరూ ఒప్పుకుంటారు, తీరా మొదలుపెడితే తీగ ఉండదు. వందకు దిగిన లైటు కనిపిస్తే కార్డును కాక కేబులును అనుమానించండి. కార్డు సెట్టింగుల్లో ‘స్పీడ్ అండ్ డూప్లెక్స్’ దగ్గర ఆటో కాకుండా వేరే ఏదైనా ఎంచి ఉందేమో కూడా చూడండి. అక్కడ ఒక వైపు ఆటో, రెండో వైపు చేత్తో పెట్టిన అంకె ఉంటే పొంతన కుదరదు, నెట్టు ఈడుస్తుంది.

ఇక లైటు బాగానే వెలుగుతూ నెట్టు రాకపోతే. స్టార్టు దగ్గర సీఎండీ (cmd) అని కొట్టి, నల్ల తెర వచ్చాక ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని టైపు చేయండి. మీ చిరునామా 169.254 తో మొదలైతే అర్థం ఇది: చిరునామా ఇవ్వమని కంప్యూటర్ రౌటరును అడిగింది, జవాబు రాలేదు, ఏదో ఒకటి తనే పెట్టుకుంది. లైటు వెలిగినా మాట అవతలికి చేరడం లేదన్నమాట. రౌటరు ఆపి ఆన్ చేయండి, మంచి కేబులు మార్చండి. చిరునామా 192.168 లాంటి మామూలు అంకెలతో ఉండి కూడా నెట్టు రాకపోతే, ఎవరైనా చేత్తో పాత చిరునామా పెట్టి వదిలేశారేమో చూడండి. నెట్‌వర్క్ కనెక్షన్ల జాబితాలో కార్డు ప్రాపర్టీస్‌కు వెళ్లి ఐపీ వెర్షన్ 4 తెరిచి, అక్కడి రెండు ఎంపికలూ ‘ఆటోమేటిక్’ మీద ఉన్నాయో లేదో చూస్తే సరి. మా ల్యాబులో పరీక్షల సమయంలో బయటివారు వచ్చి వాళ్ల అంకెలు పెట్టి వెళతారు. మరుసటి వారం నలభై సిస్టంలకూ నేను ప్రదక్షిణ చేస్తాను.

తరువాత పింగ్, అంటే అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూడటం. అదే నల్ల తెరలో పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి, అవతలి చిరునామా కొట్టాలి. ముందు ఐపీకాన్ఫిగ్‌లో ‘డిఫాల్ట్ గేట్‌వే’ దగ్గర కనిపించిన అంకెను పింగ్ చేయండి, అది మీ రౌటరు. అది పలికితే మీ కార్డుకు, కేబులుకు ఆ క్షణమే నిర్దోషి అని తీర్పు ఇచ్చేయవచ్చు. ఆపైన బయటి నెట్టులో గూగుల్ నడిపే 8.8.8.8 ను పింగ్ చేయండి. రౌటరు పలికి ఇది పలకకపోతే తేడా రౌటరు అవతల ఉంది. ఇది కూడా పలికి, వెబ్‌సైటు పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే, పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ గొడవ. ఇంకో చోట పొరపాటు పడతారు: 127.0.0.1 పింగ్ పలికింది కాబట్టి కార్డు మంచిదే అంటారు. ఆ మాట కంప్యూటర్ లోపలే తిరిగి వస్తుంది, కార్డు గడప కూడా తొక్కదు. కార్డు పీకి చేతిలో పట్టుకున్నా అది పలుకుతుంది.

ఇప్పుడు గట్టి కేసు. మంచి కేబులు, మంచి స్విచ్ రంధ్రం, అయినా లైటు లేదు. లేదా నెట్‌వర్క్ కనెక్షన్ల జాబితాలో కార్డు పేరే కనిపించడం లేదు. స్క్రూడ్రైవరు అప్పుడే తీయకండి. ముందు కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర పవరు తీగ పీకి, పవరు బటను పదిహేను ఇరవై సెకన్లు నొక్కి పట్టండి. ఇందాక చెప్పిన ఆ కొద్దిపాటి కరెంటు కార్డులో నిలిచి ఉన్నంతవరకు, బిగుసుకుపోయిన కార్డు బిగుసుకునే ఉంటుంది. ఎన్నిసార్లు రీస్టార్టు చేసినా దానికి కరెంటు పోదు కదా. తీగ పీకితేనే దానికి నిజమైన నిద్ర. ఇంకో మెలిక, విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంటే షట్‌డౌన్ కూడా పూర్తి షట్‌డౌన్ కాదు, డ్రైవర్ల పరిస్థితిని డిస్కులో దాచుకుని మళ్లీ అదే తెస్తుంది. అందుకే కొన్ని జబ్బులు షట్‌డౌన్‌తో పోవు, రీస్టార్టుతో పోతాయి. రెండూ చేయండి. ఈ ఒక్క పనితో కోలుకున్న సిస్టంలను లెక్కపెట్టడం మానేశాను.

ఆ తరువాత విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరవండి. ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ కింద కార్డు పేరు ఉండి, దాని మీద కిందికి చూపే బాణం ఉంటే ఎవరో దాన్ని నిలిపేశారు, కుడి నొక్కు నొక్కి ఎనేబుల్ చేయండి. పసుపు గుర్తు ఉంటే ప్రాపర్టీస్‌లో కోడు అంకె చూడండి. 28 అయితే డ్రైవరు లేదు. 10 అయితే పరికరం మొదలుకాలేదు, డ్రైవరు తేడా కావచ్చు, కార్డు తేడా కావచ్చు. 43 అయితే పరికరమే తనకు బాగాలేదని విండోస్‌కు చెప్పుకుంది. అయినా అప్పుడే ఆశ వదలకండి, పవరు తీగ వైద్యం ఇంకోసారి చేసి, డ్రైవరు తీసేసి మళ్లీ వేశాకే నమ్మండి. జాబితాలో పేరే లేకపోతే బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి చూడండి. ‘ఆన్‌బోర్డ్ ల్యాన్ కంట్రోలర్’ అనే వరస ఉంటుంది, బోర్డును బట్టి మాట కొద్దిగా మారుతుంది. బోర్డు మీది గుండ్రని బ్యాటరీ మార్చినప్పుడో, బయోస్ కొత్తది వేసినప్పుడో సెట్టింగులు తారుమారై అది డిజేబుల్ అయి ఉండవచ్చు.

నెట్టు లేని కంప్యూటర్‌కు నెట్టు డ్రైవరు నెట్టులోంచి ఎలా తెచ్చుకోవాలి? కొత్తగా విండోస్ వేసినవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇది. విండోస్ 11 అయితే మొదటి తెరలోనే నెట్టు కావాలని కూర్చుంటుంది. పెన్‌డ్రైవు పట్టుకుని పక్కింటికి పరుగెత్తనవసరం లేదు. మీ ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగు తీగతో డెస్క్‌టాప్‌కు తగిలించి, ఫోను సెట్టింగుల్లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. సాధారణంగా ఏ డ్రైవరూ అడగకుండానే ఫోను నెట్టు కంప్యూటర్‌కు వచ్చేస్తుంది. తీగ మాత్రం సమాచారం మోసేది కావాలి, ఛార్జింగుకు తప్ప దేనికీ పనికిరానివి కొన్ని ఉంటాయి. తరువాత మదర్‌బోర్డు తయారీదారు సైటులో మీ బోర్డు పేరు మీద ఉన్న ల్యాన్ డ్రైవరు దించుకోండి. ‘మీ డ్రైవర్లన్నీ మేమే వెతికిపెడతాం’ అని ఎగబడే ఉచిత సాఫ్టువేర్ల దగ్గరికి మాత్రం పోకండి. ఒక విద్యార్థి అలాంటిది ఒకటి వేస్తే నేను ఆ సిస్టంకు విండోస్ మొదటినుంచి వేసుకోవలసి వచ్చింది.

డ్రైవరు తప్పా, కార్డు తప్పా అని తేలనప్పుడు నా దగ్గర ఒక పంచాయితీ పెద్ద ఉన్నాడు. విండోస్ లాంటిదే అయిన ఉబుంటు అనే ఉచిత వ్యవస్థ వేసిన పెన్‌డ్రైవు. దానితో కంప్యూటర్‌ను బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ అన్నది ఎంచుకుంటే విండోస్‌ను ముట్టుకోకుండానే వేరే వ్యవస్థ నడుస్తుంది. అందులో నెట్టు వచ్చిందంటే కార్డు బంగారం, తప్పు విండోస్ వైపుది. అందులోనూ లైటు రాకపోతే కార్డు మీద అనుమానం గట్టిపడినట్టే. అరగంట పని, కానీ ఆ అరగంట తరువాత చేసే ఖర్చుకు నాకు మనసులో గుంజాటన ఉండదు.

ఇంకో చిన్న పరికరం నా తాళాల గుత్తికి వేలాడుతూ ఉంటుంది. జానెడు కేబులు ముక్కకు జాక్ వేసి, ఒకటో తీగను మూడోదానితో, రెండోదాన్ని ఆరోదానితో కలిపాను. దాన్ని పోర్టులో గుచ్చితే కార్డు పంపినది కార్డుకే తిరిగి వస్తుంది, లైటు వెలుగుతుంది. వెలిగితే పోర్టు బతికే ఉంది. వెలగకపోతే చచ్చిందని మాత్రం చెప్పలేం, తన మాట తనకే వినిపిస్తే ఒప్పుకోని కార్డులు కొన్ని ఉంటాయి.

నెట్టు వస్తూ పోతూ ఉంటే, ముఖ్యంగా కాసేపు ముట్టుకోకుండా వదిలి మళ్లీ కూర్చున్నప్పుడు పోయి ఉంటే, డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్‌లోని ‘పవర్ మేనేజ్‌మెంట్’ పుట చూడండి. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే అర్థం వచ్చే గడిలో టిక్కు తీసేయండి. పక్కనే ‘అడ్వాన్స్‌డ్’ పుటలో ‘ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్’ ఉంటే దాన్ని కూడా ఆపి రెండు రోజులు గమనించండి. చౌక స్విచ్‌లతో దానికి పడకపోవడం నేను చూశాను.

పెట్టె తెరవాల్సి వస్తే పవరు తీగ పీకి, కిటికీ ఊచనో బీరువానో ఒకసారి ముట్టుకుని చేతిలోని స్థిరవిద్యుత్తు వదిలించుకున్నాకే లోపల చేయి పెట్టండి. స్లాటు కార్డును నిటారుగా లాగి, అడుగున ఉన్న పసుపు పళ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడవండి. మెల్లగా అన్నది ఊరికే అనలేదు. ఆ పసుపు పల్చని బంగారు పూత. మా చిలకలపూడి రోల్డ్‌గోల్డు గాజులను బొగ్గుపొడితో తోమితే రెండో రోజుకు ఇత్తడి బయటపడుతుంది, దీని సంగతీ అంతే. రబ్బరు పొట్టు పూర్తిగా దులిపి, కార్డును రెండు కొసలా సమానంగా నొక్కి కూర్చోబెట్టండి. తరువాత మర బిగించేటప్పుడు కార్డు మీద కన్ను వేసి ఉంచండి. వెనక ఉన్న ఇనుప పట్టీ పెట్టెతో సరిగా అమరకపోతే, మర బిగిసేకొద్దీ కార్డు రెండో కొస స్లాటులోంచి పైకి లేస్తుంది. చేత్తో నొక్కి పట్టినంతసేపు పనిచేసి, మూత వేయగానే పోయే కార్డుల రహస్యం ఇదే. పట్టీని కాస్త వంచి సరిచేస్తే చాలు.

బోర్డు మీది పోర్టు అయితే టార్చి వేసి రంధ్రంలోకి చూడండి. కంప్యూటర్ బిగించినవారు తొందరపడితే వెనక రేకుకు ఉండే పల్చని నాలుక ఒకటి పోర్టు లోపలికి దూరిపోతుంది. జాక్ సగమే వెళుతుంది, లేదా రేకు పళ్లకు తగులుతుంది. ఒక సిస్టం కొన్న రోజు నుంచీ ఇలాగే ఉంటే రెండేళ్లపాటు ‘ఆ సిస్టం అంతే’ అనుకుంటూ గడిపేశాం.

నిజంగా కార్డులు చచ్చేది ఎప్పుడంటే, నా లెక్కలో నూటికి తొంభై పాళ్లు ఉరుముల తరువాతే. పోర్టు వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. బయటి తీగ మీది విద్యుత్తు నేరుగా బోర్డులోకి దూకకుండా అవి అడ్డం, 1500 వోల్టుల దాకా ఓర్చుకునేలా ప్రమాణం ఉంది. పిడుగు దగ్గరలో పడితే స్తంభం నుంచి స్తంభానికి, మేడ మీంచి మేడకు లాగిన తీగలో పుట్టే పోటు ముందు అది ఏ మూలకూ చాలదు. వేసవి చివర మొదటి గాలివాన వచ్చిన మర్నాడు నాకు ఫోన్లు వస్తాయి. అలా దెబ్బతిన్న పోర్టు ఒక్కోసారి పూర్తిగా చావదు, లైటు వెలుగుతుంది, చిరునామా రాదు. లేదా లైటు కేబులు తీసేసినా వెలుగుతూనే ఉంటుంది. కేబులు లేకుండా వెలిగే లైటు కనిపిస్తే ఇంక వైద్యం లేదు. ఉరుముతున్నప్పుడు పవరు తీగ పీకి హమ్మయ్య అనుకుంటారు అందరూ, నెట్టు కేబులు మాత్రం అలాగే వదిలేస్తారు. రెండూ పీకండి. ఇంటిదాకా వచ్చేది గాజు తీగ (ఫైబర్) అయితే దాని మీదుగా పోటు రాదు. కానీ ఆ తీగ వచ్చి చేరే నెట్టు పెట్టె పవరు అడాప్టరు గోడకు తగిలించి ఉంటుంది, అక్కడి నుంచి మీ డెస్క్‌టాప్ దాకా వచ్చేది రాగే.

అన్నీ చూశాక కార్డే పోయిందని తేలితే దిగులు పడకండి, బోర్డు మార్చనవసరం లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1 గిగాబిట్ కార్డు అడగండి. అది చిన్న స్లాటులోనే కాక పొడవాటి ఎక్స్4, ఎక్స్16 స్లాటుల్లోనూ పనిచేస్తుంది. పాత పీసీఐ కార్డు మాత్రం ఇందులో పట్టదు, కొనేముందు పెట్టె తెరిచి స్లాటు ఫోటో తీసుకుని వెళ్లండి. పెట్టె సన్నగా ఉండే రకం అయితే పొట్టి పట్టీ ఉన్న కార్డు కావాలి. కొన్ని బోర్డుల్లో ఎం.2 డిస్కు, అంటే బోర్డు మీదే గుచ్చే సన్నని డిస్కు, పెడితే ఒక చిన్న స్లాటు పనిచేయడం మానేస్తుంది. ఆ సంగతి ఇందాక పారేయవద్దన్న పుస్తకంలో రాసి ఉంటుంది. స్లాటు ఖాళీ లేకపోతే యూఎస్‌బీకి తగిలించే ల్యాన్ అడాప్టరు, నీలి రంగు యూఎస్‌బీ 3 రంధ్రంలో పెడితే పని గడిచిపోతుంది.

కొత్త కార్డు పెట్టాక పాత పోర్టును బయోస్‌లో డిజేబుల్ చేయండి. చేత్తో చిరునామా పెట్టుకునేవారైతే, ఆ చిరునామా వేరే అడాప్టరుకు ఇప్పటికే ఉంది అని విండోస్ గొణుగుతుంది. డివైస్ మేనేజర్ ‘వ్యూ’ మెనూలో ‘షో హిడెన్ డివైసెస్’ నొక్కితే పాత కార్డు బూడిద రంగులో దెయ్యంలా కనిపిస్తుంది, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఇంకా నెట్టు రాకపోతే మీకు నెట్టు ఇచ్చేవారు పాత కార్డు మ్యాక్ చిరునామాను, అంటే కార్డు తయారీలోనే దానికి ఇచ్చే గుర్తింపును, తమ దగ్గర నమోదు చేసుకుని ఉండవచ్చు. మా దగ్గరా ఇలాగే జరిగింది, కొత్త కార్డు పెట్టి, అన్నీ సరిగా ఉండి, సాయంత్రం దాకా తల పట్టుకున్నాం. ఫోను చేసి కొత్త మ్యాక్ చెబితే రెండు నిమిషాల్లో వచ్చింది. ఐపీకాన్ఫిగ్ తరువాత ఖాళీ వదిలి స్లాష్ ఆల్ (ipconfig /all) చేర్చి కొడితే ‘ఫిజికల్ అడ్రస్’ అని పన్నెండు అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి, అదే మ్యాక్. కార్డు బాగున్న రోజునే దాన్ని ఎక్కడైనా రాసిపెట్టుకోండి. నేను సిస్టం నంబరు పక్కన రిజిస్టరులో రాస్తాను.

చచ్చిన పోర్టు మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు ముక్క అంటించడం మరిచిపోకండి. మా ల్యాబులో అలాంటివి మూడున్నాయి. టేపు లేని రోజుల్లో ఊడ్చేటప్పుడు ఊడిన కేబులును ఎవరో ఒకరు జాగ్రత్తగా తీసి, టిక్కుమనేలా, ఆ చచ్చిన రంధ్రంలోనే గుచ్చేవారు.